ఏకాంగులకు దేవుడిచ్చే ఇల్లు

ప్రశ్న: అమ్మా, వందనాలు. నా వయసు 34. గుంటూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్‌గా పనిచేస్తున్నాను. మాది మూడు తరాలుగా లూథరన్ కుటుంబం. నాన్న పోయాక చెల్లి పెళ్లి, తమ్ముడి చదువు నా మీద పడ్డాయి. ఇప్పుడు ఇద్దరూ స్థిరపడ్డారు. నాకు వచ్చిన సంబంధాలు కొన్ని కట్నం దగ్గర, కొన్ని వయసు దగ్గర ఆగిపోయాయి. మా సంఘంలో ప్రతి ఆదివారం ఆరాధన చివర ‘వివాహం కావలసిన వారు నిలబడండి, ప్రార్థన చేద్దాం’ అంటారు. సండే స్కూల్లో నేను పాఠం చెప్పిన పిల్లల పక్కనే ఇప్పుడు నిలబడుతున్నాను. పెళ్లయితేనే ఆత్మీయ ఎదుగుదల ఉంటుందనీ, ఒంటరివాళ్లకు త్యాగమంటే తెలియదనీ స్త్రీల సమాజంలో ఒకరు వాక్యం చెప్పారు. ఇంకొకరు ‘ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుంది’ అన్నారు. ఇప్పుడొక సంబంధం వచ్చింది. ఆయనకు 39 ఏళ్లు. భార్య చనిపోయి మూడేళ్లయింది, ఆరేళ్ల బాబు ఉన్నాడు. కట్నం అడగలేదు. నేను ఒప్పుకునేదాకా అమ్మ రాత్రి భోజనం మానేసింది. నిజం చెప్పాలంటే పెళ్లి మీద ఆశ నాలో చావలేదు, అయినా ఇప్పుడున్న జీవితం కూడా నాకు ఇష్టంగానే ఉంది. దేవుని చిత్తం ఏది? పెళ్లి చేసుకోకపోతే నేను సగం మనిషిగానే మిగిలిపోతానా?
— ఒక సహోదరి, గుంటూరు జిల్లా

సమాధానం:

ప్రియమైన సహోదరికి వందనాలు.

మీ ఉత్తరం చదువుతూ ఒక చోట ఆగిపోయాను. మీరు పాఠం చెప్పిన పిల్లల పక్కన నిలబడుతున్నానన్న చోట. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత మిగతావాటికి వస్తాను. వచ్చే ఆదివారం నిలబడకండి, కూర్చోండి. మీ కోసం ప్రార్థన చేయాలనుకునేవారు మీరు కూర్చుని ఉన్నా చేయగలరు. వీలైతే మీ పాస్టరుగారిని విడిగా కలిసి, ఆ పిలుపు మీకు ఎలా తగులుతోందో చెప్పండి. చాలామంది పాస్టర్లు మంచి మనసుతోనే అలా పిలుస్తారు. నిలబడిన మనిషి ఇంటికి వెళ్లి తలుపు వేసుకుని ఏడుస్తుందని వారికి ఎవరూ చెప్పి ఉండరు.

ఒప్పుకోని పాపం అన్న మాటకు నేను ఎక్కువ చెప్పను. పుట్టు గుడ్డివాణ్ని చూపించి శిష్యులు యేసుప్రభువును అడిగిన ప్రశ్న కూడా ఇదే. పాపం చేసింది వీడా, వీణ్ని కన్నవాళ్లా అని. వీడూ కాదు, వీణ్ని కన్నవాళ్లూ కాదు అన్నారు ప్రభువు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం. ఆ మాట అన్నావిడ మీద కోపం పెట్టుకోకండి. ఆ మాటను మాత్రం మీ ఇంటి గుమ్మం దాటనివ్వకండి.

ఇక ‘సగం మనిషి’ సంగతి. ‘నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు’ అని ఆదికాండము రెండో అధ్యాయంలో దేవుడే అన్నాడు కదా అని మీకు ఎందరో చెప్పి ఉంటారు. అన్నాడు, నిజమే. అయితే మన సంఘాలు నమ్మి ఒప్పుకునే విశ్వాసం ప్రకారం యేసుప్రభువు సంపూర్ణ దేవుడు, సంపూర్ణ మానవుడు. ఆయన పెళ్లి చేసుకోలేదు. ముప్పై మూడేళ్లు ఒంటరిగా ఉన్న ఆయన మానవత్వంలో ఏ కొరతా లేదని విశ్వాస ప్రమాణంలో పలికి, అదే నోటితో 34 ఏళ్ల టీచరమ్మను సగం మనిషి అంటే, మనం పలికిన ప్రమాణానికి అర్థం లేకుండా పోతుంది. ఆదాముకు కావలసింది తోడు. తోడు దొరికే దారుల్లో పెళ్లి మొదటిది, గొప్పది. అది ఒక్కటే దారి అని లేఖనం ఎక్కడా చెప్పలేదు.

పెళ్లి కాని వారికి మన సంఘాల్లో తరచుగా ఇచ్చే వాగ్దానం 68వ కీర్తన ఆరో వచనం: ‘దేవుడు ఏకాంగులను సంసారులనుగా చేయువాడు.’ మీకు కూడా ఎవరో ఒకరు రాసి ఇచ్చే ఉంటారు. సంసారం అంటే మనకు ఆలుమగలు, పిల్లాపాప. అందుకే ఆ వచనం చదవగానే పెళ్లి వాగ్దానంలా వినిపిస్తుంది. హెబ్రీ మూలంలో అక్కడున్న మాట ‘ఇల్లు’. ఒంటరిగా ఉన్నవారిని దేవుడు ఒక ఇంట్లో నివసింపజేస్తాడన్నది దాని భావం. దాని పై వచనంలో ఉన్నది ఎవరు? తండ్రి లేనివారు, విధవరాళ్లు. ఆ వెంటనే వచ్చేది బంధింపబడినవారు. వీరందరికీ దేవుడు పెళ్లిళ్లు చేస్తాడని కీర్తనకారుడు చెప్పడం లేదు. ఎవరూ లేనివారికి దేవుడు ఒక గూడు చూపిస్తాడనీ, తలుపు తీసే మనుషులను ఇస్తాడనీ చెబుతున్నాడు. పెళ్లి ద్వారా ఆ ఇల్లు దొరికేవారు ఉన్నారు. ఇంకోలా దొరికేవారూ ఉన్నారు. నేను అలాంటి ఇంటిని దగ్గరగా చూశాను కాబట్టే ఇంత నిబ్బరంగా చెప్పగలుగుతున్నాను.

మా పెద్దమ్మ పెళ్లి చేసుకోలేదు. ఒక మిషన్ బోర్డింగ్‌లో ఆడపిల్లలకు మేట్రన్‌గా 31 ఏళ్లు పనిచేసింది. వేసవి సెలవుల మొదట్లో, పిల్లలంతా ఇంకా ఇళ్లకు వెళ్లకముందే, నన్ను అక్కడికి పంపేవారు. పెద్దమ్మకు ప్రేమ ఎంతో కోపమూ అంతే. తన మాటకు ఎదురు చెప్పేవారు ఆ ఆవరణలో ఎవరూ లేరు. అది తన ఆత్మకు మంచిది కాదని తనకే తెలుసు. అందుకని వంటశాలలో పనిచేసే ఒక వితంతువును ఒక సహాయం అడిగింది. ప్రతి శనివారం రాత్రి, పిల్లలు పడుకున్నాక, ‘ఈ వారం నేను ఎవరిని నొప్పించాను?’ అని పెద్దమ్మ అడగాలి, ఆమె దాచకుండా చెప్పాలి.

నాకు పన్నెండేళ్ల వయసులో ఒకసారి అది కళ్లారా చూశాను. ఆ వితంతువు చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. పెద్దమ్మ గడప మీద కూర్చుని అడిగింది. ఆమె చేట మీదినుంచి తల ఎత్తకుండానే, ‘నాలుగో తరగతి పిల్లను అందరి ముందు జడ పట్టుకుని లాగారమ్మా. ఆ పిల్ల రాత్రి అన్నం తినలేదు’ అంది. పెద్దమ్మ ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు చేటలో బియ్యం కదిలే చప్పుడే వినిపించింది. తెల్లవారి గుడికి వెళ్లేముందు పెద్దమ్మ కొబ్బరినూనె సీసా, దువ్వెన పట్టుకుని ఆ పిల్ల మంచం దగ్గరికి వెళ్లి, నేల మీద కూర్చుని, ఆ పిల్లను ముందు కూర్చోబెట్టుకుని రెండు జడలు వేసింది. తప్పు నాదేనని ఆ పిల్లకు చెప్పిందో లేదో నాకు వినిపించలేదు. పిల్ల మాత్రం ఆ రోజంతా పెద్దమ్మ చీర కొంగు వదల్లేదు.

మీ సమాజంలో వాక్యం చెప్పిన సహోదరి మాటలో ఒక నిజం ఉంది, ఒక పొరపాటు ఉంది. మనల్ని దగ్గరగా చూసి, మన తప్పును మన ముఖం మీద చెప్పే మనిషి లేకపోతే మనం ఎదగం. ఇది నిజం. పెళ్లి ఆ మనిషిని అడగకుండానే తెచ్చి ఇంట్లో పెడుతుంది. ఒంటరివారు ఆ మనిషిని వెతుక్కోవాలి, అడగాలి, నువ్వు చెప్పవచ్చని హక్కు ఇవ్వాలి. వెతుక్కోకపోతే మన గదిలో మనమే రాజులమై, మన అలవాట్లే ధర్మశాస్త్రమై కూర్చుంటాయి. ఒంటరి జీవితంలో నాకు కనిపించే అసలు ప్రమాదం ఇదే. పొరపాటు ఎక్కడంటే, ఆ మనిషి భర్త రూపంలోనే వస్తాడనుకోవడం. మా పెద్దమ్మకు ఆ మనిషి చేటలో బియ్యం ఏరే ఒక వితంతువు.

పెద్దమ్మను సమాధి చేసిన రోజు మరిచిపోలేను. కుటుంబ సభ్యులు మన్ను వేయడానికి ముందుకు రండి అని పాస్టరుగారు పిలిచారు. మేము నలుగురమే కదా అనుకుంటూ ముందుకు నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే వరుస గేటు దాకా ఉంది. అందరూ ఆడవాళ్లు, నాకు ముఖాలు తెలియనివాళ్లు. ఒకామె భద్రాచలం నుంచి రాత్రి బస్సులో చంటిబిడ్డను చంకనేసుకుని వచ్చింది. పిడికెడు పిడికెడు వేయడానికే ముప్పావు గంట పట్టింది. తర్వాత పెట్టె సర్దుతుంటే పెద్దమ్మ పద్దుల పుస్తకం దొరికింది. పద్దులకు బదులు అందులో పేర్లున్నాయి, వారంలో ఏ రోజు ఎవరి కోసం ప్రార్థించాలో. ఒక్కో పేరు పక్కన ఒక్కో మాట: ‘లెక్కల్లో తప్పింది.’ ‘మామగారు తాగుతాడు.’ ‘రెండో కాన్పు కష్టం.’ బడి వదిలి ఇరవై ఏళ్లయిన పిల్లల పేర్లు కూడా కొట్టివేయలేదు.

మీ గుంటూరు సంగతే తీసుకోండి. అమెరికా మిషనరీ అన్నా సారా కుగ్లర్ 1883లో అక్కడ అడుగుపెట్టినప్పుడు ఆమె వయసు 27. డాక్టర్, అవివాహిత. మగ డాక్టరుకు చెయ్యి చూపించుకోవడానికి కూడా ఇంటి ఆడవాళ్లు ఒప్పుకోని కాలం. ఆమె 1930లో అదే ఊళ్లో కన్నుమూసింది. 1898లో తెరిచిన ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. మీ ఇంట్లోనే ఎవరో ఒకరు అక్కడ పుట్టి ఉంటారు, మీ అమ్మగారిని అడిగి చూడండి. కుగ్లర్‌కు త్యాగం తెలియదని చెప్పగలవారెవరు?

ఇదంతా చదివి, ఈవిడ నన్ను పెళ్లి వద్దంటోందని అనుకోకండి. నాకు పెళ్లయి 39 ఏళ్లు. పెళ్లి నన్ను ఎంత మార్చిందో నాకు తెలుసు. స్త్రీల సమాజంలో అరగంట తడుముకోకుండా ప్రార్థించే నాకు, ఇంట్లో ‘తప్పు నాదే’ అనే రెండు మాటలు నోట్లోంచి రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ దేవునితో బాగానే ఉన్నాననుకున్నాను. మా ఆయన ఎదుట తల వంచడం చేతకాని నేను దేవుని ఎదుట వంచుతున్నది కూడా పై పై తలేనని తర్వాత అర్థమైంది. ఆయనకు టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచంలో ఉన్నప్పుడు, ఒళ్లు తుడుస్తూ ఒక రాత్రి ఆ మాట అన్నాను. ఆయన కళ్లు తెరవలేదు. నా చేతి మీద చెయ్యి వేశారు.

మన లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1522లో వివాహం గురించి రాస్తూ, బిడ్డ గుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వవచ్చు గానీ, అతను విశ్వాసంతో ఆ పని చేస్తే దేవుడు తన దూతలతో కలిసి సంతోషంతో చిరునవ్వు నవ్వుతాడన్నాడు. ఆ మాట రాసేనాటికి ఆయనకు పెళ్లి కాలేదు. మఠం విడిచి వచ్చిన కతరీనాను పెళ్లి చేసుకున్నది 1525లో, 41 ఏళ్ల వయసులో. ఆరుగురు బిడ్డలు పుట్టారు. వారిలో ఇద్దరు ఆయన కళ్ల ముందే పోయారు, ఒక కూతురు పదమూడేళ్లది. వివాహం పవిత్రమైన పని అని ముందు రాసి, దాని బరువేమిటో తర్వాత మోసి తెలుసుకున్నాడు. సన్యాసులకే పరిశుద్ధత దక్కుతుందని నమ్మిన కాలంలో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఇప్పుడు మన సంఘాల్లో త్రాసు పెళ్లి వైపు పూర్తిగా ఒరిగిపోయింది.

మీరు ఒకే రాత్రి కూర్చుని మొదటి కొరింథీయుల ఏడో అధ్యాయం మొత్తం చదవండి. ముక్కలు ముక్కలుగా విన్నప్పుడు అది గద్దింపులా ఉంటుంది. మొత్తంగా చదివితే పౌలు ఎంత జాగ్రత్తగా మాట్లాడుతున్నాడో తెలుస్తుంది. కన్యకల విషయంలో తనకు ప్రభువు ఆజ్ఞ ఏదీ లేదని ఒప్పుకుంటాడు. మీకు ఉరియొడ్డడానికి, అంటే మిమ్మల్ని కట్టిపడేయడానికి, చెప్పడం లేదంటాడు. ‘ఒకడొక విధమునను మరియొకడు మరియొక విధమునను’ దేవుని వలన కృపావరం పొందారంటాడు. ఒంటరితనం ఒక్కటే వరమనడు, పెళ్లి ఒక్కటే వరమనడు.

ఆశ చావలేదని మీరు సిగ్గుపడుతూ రాసినట్లు అనిపించింది. సిగ్గు ఎందుకు? ఒంటరిగా ఉండే వరమంటే ఆశ పుట్టకపోవడమని కొందరు చెబుతారు. మా పెద్దమ్మకు చంటిపిల్లలను ఎత్తుకున్నప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరిగేవి. యాభై ఏళ్లు దాటాక కూడా. ఆ ఆశను ఆమె దేవుని దగ్గర దాచలేదు, ఆ ఆశతో ఎవరినీ పీడించలేదు. శరీరం అడిగేదీ, రాత్రుళ్లు మనసు అడిగేదీ ప్రార్థనలో పేరు పెట్టి చెప్పండి. పెళ్లి చేసుకోవడం పాపం కాదని, పెళ్లిని కోరుకోవడం అవిశ్వాసం కాదని ఆ అధ్యాయం చదివితే మీకే అర్థమవుతుంది.

ఇక వచ్చిన సంబంధం. అవునని గానీ కాదని గానీ నేను చెప్పను, ఆయన్ని చూసింది మీరు. అదే అధ్యాయం చివర పౌలు విధవరాలి గురించి ఒక మాట అన్నాడు: ‘ఆమెకిష్టమైనవానిని’ పెండ్లి చేసుకోవచ్చు, ‘ప్రభువునందు మాత్రమే’. ప్రభువునందు అన్న మాటను మన పెద్దలు గట్టిగా పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. దాని పక్కనే ఉన్న ఇష్టం అన్న మాటను ఎందుకో వదిలేస్తారు. దేవుని చిత్తం ఏదని మీరు అడిగారు. ఆ చిత్తంలో మీ ఇష్టానికి చోటుంది.

కాబట్టి ఆయనతో మాట్లాడండి. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. చనిపోయిన భార్య గురించి అడగండి. ఆమె పేరు ఆ ఇంట్లో పలుకుతారా, ఫోటో గోడ మీద ఉందా, పెట్టెలో ఉందా చూడండి. ఆమె గురించి ప్రేమగా మాట్లాడగలిగినవాడు మీ గురించీ అలాగే మాట్లాడతాడు. ఆయన వెతుకుతున్నది భార్యనా, బిడ్డను చూసుకునే మనిషినా అని సూటిగా అడగండి. అడిగినందుకు నొచ్చుకునేవాడైతే అది కూడా ఒక జవాబే. మీ జీతం, మీ ఉద్యోగం, మీ అమ్మగారి బాధ్యత గురించి ప్రధానం (నిశ్చితార్థం) కాకముందే మాట్లాడుకోండి. కట్నం అడగలేదన్నదాన్ని ఉపకారంగా లెక్కించవద్దు. కట్నం అడగడం 1961 చట్టం ప్రకారం నేరం. ప్రభువు బల్ల దగ్గర చెయ్యి చాచే మనం అది నేరం కాకపోయినా అడగకూడదు.

మాట్లాడాక మీలో ఇష్టం పుడితే, వయసుకు భయపడి కాకుండా, ఆ ఇష్టంతో వెళ్లండి. పుట్టకపోతే వద్దని చెప్పండి, అపరాధ భావం లేకుండా. జాలిపడి పెళ్లి చేసుకోవద్దు. జాలి మూడేళ్లకు అలసిపోతుంది, అప్పుడు ఆ బరువు పిల్లవాడి మీద పడుతుంది.

మీ అమ్మగారి గురించి. ఆమె మానేసిన భోజనాన్ని ఉపవాసం అనుకోకండి, మొండితనం అని కూడా అనుకోకండి. ‘నేను పోయాక దీనికెవరు’ అన్న భయం అది. ఆ భయానికి పెళ్లి ఒక్కటే మందని ఆమె నమ్మకం. ఈ రాత్రి రెండు కంచాలు పెట్టి పక్కన కూర్చోండి. పెళ్లి మాట ఎత్తకుండా, మీకు ఎవరెవరున్నారో చెప్పండి. మీ స్నేహితులను, మీ దగ్గర చదివి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న పిల్లలను నెలకొకసారి ఇంటికి పిలవండి, ఆమె చేతి వంట తిననివ్వండి. మీ పేరు మీద ఏమేం దాచారో, జబ్బు చేస్తే ఎవరికి ఫోన్ చేస్తారో కాగితం మీద రాసి చూపించండి. ఆమె అడుగుతున్నది అదే. నిర్ణయం చెప్పడానికి మీకు ఎంత కాలం కావాలో కూడా ఆమెకు, అటువైపు వారికి స్పష్టంగా చెప్పండి. రెండు నెలలు అడగడం తప్పు కాదు.

ఇంకొక్క మాట. మీ ఉత్తరంలో ఆయన వయసు రాశారు, భార్య పోయి ఎన్నేళ్లయిందో రాశారు. బాబు గురించి రెండే మాటలున్నాయి, వాడి పేరు లేదు. ఇంకా చూడలేదనుకుంటాను. చూడటానికి వెళ్లేటప్పుడు బొమ్మ కొనుక్కుని వెళ్లకండి. ఆరేళ్లవాడు, బొమ్మ తెచ్చిన మనిషిని ఎంతో కొంత ఆశ పెట్టుకుని చూస్తాడు, మీరు మళ్లీ రాకపోతే ఆ బొమ్మ వాడి దగ్గర మిగిలిపోతుంది. లెక్కల టీచరు కదా, వాడి ఎక్కాల పుస్తకం తెరిచి పక్కన కూర్చోండి. ముందు వాడి పేరు అడగండి.